చాపకూడు: పల్నాటి వీరాచారం నిలిచిన తీరు

పరచిన చాపల మీద కులభేదం పాటించకుండా అందరూ ఒకే బంతిన కూర్చుని భుజించే ఆచారానికి పల్నాటిలో చాపకూడు అని పేరు. కూడు అంటే వండిన అన్నం. ఆ అన్నాన్ని ఎవరి చేతిమీదుగా అందుకోవచ్చు, ఎవరి పక్కన కూర్చుని తినవచ్చు అనే కట్టుబాట్ల మీదనే కులవ్యవస్థ చాలావరకు నిలబడిన కాలంలో, అంటే 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో, మాచర్ల పక్షానికి నాయకత్వం వహించిన బ్రహ్మనాయుడు ఈ సహపంక్తి భోజనాన్ని నెలకొల్పాడని సంప్రదాయం చెబుతుంది. అదే శతాబ్దిలో కన్నడదేశపు కల్యాణంలో బసవేశ్వరుడు శివభక్తులలో కులభేదాన్ని నిరాకరించాడు. అంతకు కొంత ముందే రామానుజుల వైష్ణవం భక్తికి కులం అడ్డు కాదన్న భావనకు బలమిచ్చింది. పల్నాటి ఆచారం ఈ పెద్ద కదలికలో భాగమే అయినా, దానిని నిలబెట్టిన తీరు మాత్రం వేరు. దానికి మఠం లేదు, ధర్మశాస్త్రం లేదు, రాజాశ్రయం అసలే లేదు.

రాజాశ్రయం లేకపోవడానికి కారణం కథలోనే ఉంది. గురజాలను నలగామరాజు, మాచర్లను మలిదేవరాజు ఏలుతుండగా, మొదటివానికి నాయకురాలు నాగమ్మ, రెండవవానికి బ్రహ్మనాయుడు మంత్రులుగా నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోవలసివచ్చింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. చివరకు నాగులేటి ఒడ్డున కారంపూడిలో జరిగిన యుద్ధంలో ఇరుపక్షాలూ నాశనమయ్యాయి. యుద్ధకాలాన్ని చరిత్రకారులు సాధారణంగా 1180 ప్రాంతానికి నిర్ణయిస్తారు. చాపకూడును పాటించిన పక్షానికి యుద్ధానంతరం రాజ్యమూ లేదు, దాన్ని శాసనంగా అమలు చేయగల వారసులూ లేరు. అయినా ఆ ఆచారం మిగిలింది.

మిగిలినదేమిటో గ్రహించాలంటే ఆ గాథలోని మనుషులను గమనించాలి. బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించి సేనానిని చేసిన కన్నమదాసు మాలకులంవాడు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు తోబుట్టువులుగా భావించినవారిలో బ్రాహ్మణుడు, వెలమ, కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి ఉన్నారు. బ్రహ్మహత్యాదోషం తగులుతుందన్న భయంతో బాలచంద్రుడు మిషపెట్టి వెనక్కు పంపిన బ్రాహ్మణ అనపోతు, తనను చావులో వాటా నుంచి తప్పించారని తెలిసి ప్రాణం తీసుకున్నాడు. బంతిలో చోటు దొరికినవాడు రణంలోనూ చోటు కోరడం ఈ ఘట్టంలోని సారం. అయితే ఒక విషయం దాచకూడదు: ఈ వీరులందరూ కులం పేరుతోనే పిలువబడతారు. చాపకూడు కులాన్ని చెరపలేదు. భిన్నకులాలవారిని వారి పేర్లతోనే పక్కపక్కన కూర్చోబెట్టింది. దీనిని కులనిర్మూలనగా కీర్తించడం అతిశయోక్తి. కేవలం రాజనీతిగా కొట్టివేయడం అన్యాయం.

ఈ గాథ పల్నాటి సరిహద్దులు దాటిన వైనం 15వ శతాబ్ది తొలినాళ్లదిగా పండితులు భావించే క్రీడాభిరామంలో కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన ఆ వీథి, అంటే చిన్న రూపకం, ఓరుగల్లు నగరంలో పల్నాటి వీరుల కొలువునూ, వారి కథను పాడే ఒక స్త్రీనీ వర్ణిస్తుంది. శ్రీనాథుడు ద్విపదలో రచించిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చువేయించాడు. కాని పుస్తకం కంటే ముందూ, పుస్తకంతో సంబంధం లేకుండానూ ఈ కథను మోసినవారు వీరవిద్యావంతులు. వీరగాథను గానం చేయడమే వృత్తిగా గల ఈ గాయకులలో మాలలు ముఖ్యులు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రాఘేర్ 1982లో వెలువరించిన గ్రంథానికి మూలం మాల గాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన పాఠమే. చాపకూడు ఎవరికి చోటిచ్చిందో వారే దాని చరిత్రకారులయ్యారు. తెలుగు సాహిత్యచరిత్రలు ఈ సంగతికి ఇవ్వవలసినంత స్థలం ఇవ్వలేదు.

వీరాచారం, అంటే పల్నాటి వీరులను దైవాలుగా కొలిచే పద్ధతి, నిజానికి వికేంద్రీకృతమైనది. దాని బలం ఒక గుడిలో కాక అనేక ఊళ్లలోని ఇళ్లలో పంచబడి ఉంది. ఒక్కొక్క వీరుని ఆయుధం ఒక్కొక్క కుటుంబం ఇంట పూజలందుకుంటుంది. ఆ కుటుంబాలవారిని ఆచారవంతులు అంటారు. ఏడాదంతా ఎవరి ఊళ్లో వారు తమ వీరుణ్ణి కొలుచుకుని, కార్తీక అమావాస్య నాటికి ఆయుధాలతో కారంపూడి చేరుకుంటారు. పల్నాటివారే కాదు, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న తెలంగాణ జిల్లాలవారూ వస్తారు. పిడుగు వంశానికి చెందిన పీఠాధిపతి ఆధ్వర్యంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే పేర్లతో అయిదు రోజుల ఉత్సవం సాగుతుంది. పీఠం ఉత్సవాన్ని నడుపుతుంది గాని, ఆయుధం మాత్రం కుటుంబం సొత్తు. ఉత్సవం ముగియగానే అది మళ్లీ తన ఊరికి వెళ్లిపోతుంది. ఏ ఒక్క పాలకుడూ, ఏ ఒక్క విధ్వంసమూ ఈ ఆచారాన్ని పూర్తిగా తుడిచివేయలేకపోవడానికి ఈ అమరికే కారణమని భావించవచ్చు.

ఈ సంప్రదాయం తనలోని వైవిధ్యాన్ని సరిదిద్దడానికి ప్రయత్నించకపోవడం కూడా గమనార్హం. బ్రహ్మనాయుడు చెన్నకేశవభక్తుడు, అయినా కారంపూడి వీరుల గుడిలో వీరులు లింగరూపంలో పూజలందుకుంటారు, ఆ పక్కనే గ్రామదేవత అంకమ్మకు కొలుపు జరుగుతుంది. వైష్ణవ, శైవ, గ్రామదేవతారాధనలు ఒకదానినొకటి తొలగించకుండా ఒకే ఆవరణలో ఇమిడిపోయాయి.

చాపకూడు జరిగేది మూడవ రోజైన మందపోరు నాడు. మంద అంటే ఆవులమంద; శత్రుపక్షం ప్రేరణతో మందపై జరిగిన దాడిలో దానిని కాపాడుతూ కూలిన గోపాలకుడు లంకన్నను ఆనాడు తలచుకుంటారు. ఒక పశువుల కాపరి స్మరణదినమే సహపంక్తి భోజనదినం కావడంలో ఔచిత్యం ఉంది. కాని సిక్కుల లంగరు, అంటే గురుద్వారాలలో అందరికీ పెట్టే ఉచితభోజనం, నిత్యవిధి కాగా, చాపకూడు ఏడాదికి ఒక్కనాటి ఆచారంగా మిగిలింది. చాప ఎత్తగానే పొలం, బావి, వివాహం వంటి విషయాల్లో పాత హద్దులే తిరిగి అమలులోకి వచ్చేవి. గాథ స్త్రీకి ఇచ్చిన స్థానమూ ఇంతే సంకుచితం: మంత్రిత్వం నెరపిన నాగమ్మను అది చాలావరకు కుట్రదారుగానే చిత్రించింది.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడడంతో ఈ ప్రాంతానికి సొంత యంత్రాంగం వచ్చింది. ఏ ఊరిలో, ఏ కులపు ఇంట, ఏ వీరుని ఆయుధం నేటికీ పూజలందుకుంటున్నదో ఊరూరా తిరిగి నమోదు చేయడం, వీరవిద్యావంతుల పాఠాలను వేర్వేరుగా ధ్వనిముద్రణ చేయడం విశ్వవిద్యాలయాలు, జిల్లా యంత్రాంగం కలిసి వెంటనే చేపట్టవలసిన పని. ఆ పాఠాలు తెలిసిన వృద్ధగాయకులు ఉండగానే అది జరగాలి.