ఇత్తడి గిన్నె, సారా, పల్లికాయ

మా నాయనమ్మది దేవరకొండ దగ్గర పల్లె. ఆమెకు ఆరుగురు పిల్లలు. అందులో ఒకడు నడక వచ్చే వయసులోనే పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడట. "లివరు పెరిగింది" అనేది నాయనమ్మ. అంతకు మించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కామెర్లంటే పసరు తాగించడం, చేతికి వాతలు పెట్టించడం.

పసిపిల్లల కాలేయం గట్టిపడే ఈ జబ్బు గురించి 1887లోనే కలకత్తాలో రాశారు. కారణం మాత్రం చాలాకాలం దొరకలేదు. 1983లో పుణె డాక్టర్లు షీలా భావే, ఆనంద్ పండిట్, ఇంగ్లండు డాక్టరు టానర్ కలిసి వెతికితే అది వంటింట్లో కనిపించింది! కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పాలు కాచి, అందులోనే నిలవుంచి, తల్లిపాలకు బదులు పసివాళ్ళకు పట్టేవారు. పాలు రాగిని లాక్కుంటాయి. ఆ పసి కాలేయం దాన్ని బయటికి నెట్టలేదు. కొందరు పిల్లల్లో పుట్టుకతో వచ్చిన లోపం కూడా తోడై ఉండొచ్చంటారు. స్టీలు గిన్నెలు వచ్చి, ఇత్తడిలో పాలు పెట్టడం మానేశాక, 1990లలో ఆ జబ్బు అరుదైపోయింది. చిన్నప్పుడు కళాయి అతను వీధిలో కొలిమి పెడితే చుట్టూ చేరేవాళ్ళం. కళాయి తళతళలాడటానికే అనుకునేదాన్ని.

పెద్దవాళ్ళలో లివరు చెడిందంటే ముందు సారానే గుర్తొచ్చేది. తాగిందాన్ని విరిచీ విరిచీ కాలేయంలో మచ్చలు కట్టి, అది రాయిలా అవుతుంది. కడుపులో నీరు చేరుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో లేచాక, 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995లో మొత్తం మద్యమే ఆపారు, 1997లో మళ్ళీ తెరిచారు. మా వైపు తండాల్లో నల్లబెల్లం, పటికతో గుడుంబా కాస్తూనే వచ్చారు.

అయితే చుక్క ముట్టనివాళ్ళకీ ఎందుకొచ్చేది? రక్తం ద్వారా, సరిగా ఉడకబెట్టని సూదుల ద్వారా, తల్లి నుంచి బిడ్డకు అంటే హెపటైటిస్ బి వల్ల. దాన్ని కనిపెట్టిన బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. ఏళ్ళ తరబడి కాలేయంలో దాగి, క్యాన్సరుకు దారితీసేది ఇదే. తైవాన్‌లో 1984 నుంచి పుట్టిన బిడ్డలకు టీకా వేస్తే, పిల్లల్లో లివరు క్యాన్సరు తగ్గింది. ఆ టీకాను 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ చవకగా తెచ్చింది. ఇప్పుడు పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే మొదటి మోతాదు వేస్తున్నారు. కాన్పుకు వెళ్ళిన కోడలితో ఉన్నవాళ్ళు అడిగి మరీ వేయించండి.

పాలమూరు పల్లికాయ సంగతీ చెప్పాలి. తడిసి బూజుపట్టిన పల్లీలో, మక్కల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. క్యాన్సరుకు అదీ తోడవుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు మక్కలు తిని 106 మంది చనిపోతే, ఆరా తీసింది మన హైదరాబాదు పోషకాహార సంస్థే. కాబట్టి చట్నీకి ముందు పల్లీలు ఏరండి. ముడుచుకున్నవి, చేదువి పారేయండి. వేయిస్తే విషం పూర్తిగా పోదు.

ఇప్పుడు కొత్తది కొవ్వు లివరు. మా వారు సారా సీసా ముఖం చూసినవారు కాదు. పోయినేడు స్కానులో అదే రాశారు. బియ్యం, తీపి, కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మా అత్తగారు మాత్రం ఇంకా నమ్మరు. "తాగనివాడికి లివరు జబ్బేమిటే?" అంటారు.