అమ్మ కిడ్నీని కూడా ఒళ్లు పరాయిదే అనుకుంటుంది. ఎందుకని?

కవిటి, కంచిలి, సోంపేట, పలాస... మన ఉద్దానంలో కొబ్బరితోటలు ఎంత తెలుసో డయాలసిస్ అన్న మాటా అంతే తెలుసు. ఈ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీలు పూర్తిగా పాడైతే డయాలసిస్ చేయించుకోవాలి, లేదంటే కిడ్నీ మార్పిడి. అక్కడే మనవాళ్లు అడుగుతారు: "కన్నతల్లి ఇచ్చిన కిడ్నీయే కదా, మళ్లీ జీవితాంతం మందులేటి?"

దీని జవాబు దూడల దగ్గర మొదలైంది. 1945లో అమెరికాలో రే ఓవెన్ కవల దూడల రక్తం పరీక్షించాడు. కడుపులో ఉన్నప్పుడే వాటి రక్తం కలిసిపోయింది. పెద్దయ్యాక కూడా ఒకదాని ఒంట్లో రెండోదాని రక్తకణాలు హాయిగా బతుకుతున్నాయి. ఇమ్యూనిటీ వాటి జోలికే పోలేదు! అంటే ఏది మనది, ఏది పరాయిది అన్నది ఒళ్లు నేర్చుకునే విషయమని 1949లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్ అన్నాడు. 1953లో లండన్‌లో మెడవార్ బృందం రుజువు చేసింది. ఇంకా కడుపులో ఉన్న ఎలుక పిల్లలకి వేరే రకం ఎలుక కణాలు ఎక్కిస్తే, పెద్దయ్యాక ఆ రకం చర్మం అతికించినా ఒళ్లు ఒప్పుకుంది. 1960లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ చదువు చెప్పే బడి రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథి. ఇన్సులిన్ లాంటి వేరే అవయవాల ప్రొటీన్లని కూడా అది కొంచెం కొంచెం తయారుచేసి టీ కణాలకి చూపిస్తుంది. వాటిమీద గట్టిగా తిరగబడిన కణాలు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. తప్పించుకున్నవాటిని అదుపుచేసే కాపలా కణాల్ని 1995లో జపాన్‌లో సకగూచి గుర్తించాడు. 2025 నోబెల్ ఆయనకీ, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కీ కలిపి ఇచ్చారు.

ఇప్పుడు అమ్మ కిడ్నీ సంగతి. అమ్మ జన్యువుల్లో మనకి వచ్చింది సగమే. రాని సగం వల్ల తయారయ్యే ప్రొటీన్లు మన ఒళ్లు చదివిన పాఠంలో లేవు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే చేసిన కిడ్నీ మార్పిడి నిలబడిందంటే, ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ అచ్చుగుద్దినట్టున్న కవలలు కాబట్టే.

మిగతావాళ్లకి మందులే దిక్కు. అవి ఇమ్యూనిటీ జోరు తగ్గిస్తాయి, అందుకే ఇన్ఫెక్షన్ల భయం కూడా ఉంటుంది. కాపలా కణాలతో కొత్త కిడ్నీని "మనదే" అని ఒంటికి నేర్పించాలని పరిశోధనలు సాగుతున్నాయి. అంతవరకూ, ఇంట్లో మార్పిడి అయినవాళ్లుంటే ఒక్కటి గట్టిగా చెప్పండి: "బాగానే ఉంది కదా" అని డాక్టర్ని అడక్కుండా మందు ఆపొద్దు. మనిషి మర్చిపోయినా, ఒళ్లు ఆ కిడ్నీ పరాయిదని మర్చిపోదు.