ఆరేళ్లకే రాజు.. 64 ఏళ్లకు ప్రధాని: బల్గేరియాలో సిమియన్ ప్రస్థానం

తండ్రి మూడో బోరిస్ మరణంతో 1943లో ఆరేళ్ల సిమియన్ బల్గేరియా రాజయ్యారు. సోవియట్ సేనలు దేశంలో ఉండగానే, 1946లో జరిగిన రెఫరెండంతో రాచరికం రద్దయింది. రాజకుటుంబం ఈజిప్టుకు, ఆ తర్వాత స్పెయిన్‌కు వెళ్లిపోయింది.

35 ఏళ్లు ఏలిన కమ్యూనిస్టు నేత తోదోర్ జివ్‌కోవ్ 1989 నవంబర్ 10న గద్దె దిగారు. మరుసటి ఏడాదే బహుళ పార్టీ ఎన్నికలు జరిగాయి. 1996లో స్వదేశానికి వచ్చిన సిమియన్, 2001లో సొంత పార్టీ పెట్టి కొన్ని నెలల్లోనే 240 సీట్లలో 120 గెలిచి ప్రధాని అయ్యారు.

ఆయన హయాంలోనే బల్గేరియా 2004లో నాటోలో చేరింది. 2005లో ఈయూ ప్రవేశ ఒప్పందంపై సంతకం చేసింది. కానీ 800 రోజుల్లో జనం బతుకులు మారుస్తానన్న హామీయే ఆయనకు ఎదురుతిరిగింది. 2005లో ఆయన పార్టీ రెండో స్థానానికి పడిపోయింది. 2009లోనైతే ఒక్క సీటూ దక్కలేదు!