కోర్టు గీత అవతల ఏజెన్సీ

మన్యాన్ని మనం అలవాటుగా ‘ఏజెన్సీ’ అంటాం. ఆ మాట కొండకో అడవికో పెట్టిన పేరు కాదు, కోర్టు అధికారానికి గీసిన గీత నుంచి పుట్టింది. 1830లలో పర్లాకిమిడి, గుంసూరు జమీందారీల్లోనూ విశాఖ కొండల్లోనూ పితూరీలు లేచాయి. వాటిని అణచడానికి వచ్చిన ప్రత్యేక కమిషనరు రస్సెల్, మైదానపు రెగ్యులేషన్లు ఈ కొండల్లో పనికిరావని తేల్చాడు. దాని పర్యవసానమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ జమీందారీలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా చేసి, సివిల్, క్రిమినల్ న్యాయం రెండూ ఆయన చేతిలో పెట్టారు. ఇందులో గిరిజనుడి మీద దయ వెతకనక్కర్లేదు. సర్కారుకు కావలసింది కొండల్లో అలజడి లేకపోవడం.

అయినా ఆ గీత కొండవాడికి ఎందుకు అవసరమో పక్కనే ఉన్న గోదావరి జిల్లా రంప చూపించింది. అక్కడ మైదానపు కోర్టుల అధికారం సాగేది. కింది నుంచి వచ్చిన షావుకార్లు కొండవాళ్లతో నోటిమాట ఒప్పందాలు చేసుకుని, దిగువ కోర్టుల్లో దావాలు వేసి, ప్రతివాది రాకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీలు పుచ్చుకుని, దొరికిందల్లా జప్తు చేయించారు. అయిదు రూపాయల డిక్రీకి వంద రూపాయల సొత్తు పట్టుకుపోయారన్న ఫిర్యాదు నాటి ప్రభుత్వ గ్రంథాలకే ఎక్కింది. 1879లో రంప పితూరీ లేచిందంటే రంపను ఏలే మన్సబుదారు దోపిడీ, కల్లు మీద చిగురుపన్నులతో పాటు ఈ డిక్రీలూ కారణమే. ఆ తర్వాత రంపనూ ఏజెన్సీ పాలనలోకి తెచ్చారు.

కోర్టును తప్పించడమంటే కలెక్టరుకు పగ్గాలు వదిలేయడమే కదా అన్న ఆక్షేపణ తేలిగ్గా కొట్టేయదగింది కాదు. పన్ను వసూలు చేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకే అధికారి అయితే మొర ఎవరు వింటారు? విశాఖ ఏజెన్సీలోని గూడెమే అందుకు సాక్ష్యం. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చేయించిన వెట్టి, అడవి ఆంక్షలు కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి దారితీశాయి. రంపలో కోర్టు ఉండి కొండవాడు ఓడాడు, గూడెంలో కోర్టు లేక ఓడాడు. కాబట్టి కోర్టు పరిధి ఎంతవరకన్నది సగం ప్రశ్నే. గీతకు అవతల ఏ చట్టం అమలవుతుందన్నది మిగతా సగం.

ఆ రెండో సగానికి జవాబు నెమ్మదిగా వచ్చింది. కొండజాతులవారి భూమిని ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు బదలాయిస్తే చెల్లదని 1917 చట్టం చెప్పింది. ఏజెన్సీకి షెడ్యూల్డు ప్రాంతమన్న పేరు వచ్చాక, 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. దాని 1970 సవరణ గిరిజనేతరులు తమలో తాము చేసుకునే భూబదలాయింపులను కూడా నిషేధించింది. ఆ సవరణను 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ చట్టాల అమలు ఎన్నోసార్లు కుంటుపడింది, నిజమే. కానీ 1970 సవరణ ఇంకొకటి కూడా చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదంటే గిరిజనేతరుడే రుజువు చేసుకోవాలి. కొండ దిగి కోర్టుకు రాలేని రంప మనిషి మోసిన రుజువు భారం అవతలి పక్షానికి మారడానికి తొంభై ఏళ్లు పట్టింది.