గేరు పడే క్షణం

పెద్ద బైకు ఎక్కినవాళ్లు చాలామంది మొదటి వారంలోనే ఒక ఫిర్యాదు చేస్తారు. న్యూట్రల్ నుంచి ఫస్ట్ వేయగానే ఖణేల్‌మని చప్పుడు, బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. సెకండ్‌కి వెళ్లబోతే మధ్యలో ఏ గేరూ పడని ఫాల్స్ న్యూట్రల్ తగిలి ఇంజిన్ గీపెడుతుంది. పై గేర్లలోంచి గబగబా దిగితే వెనక చక్రం చిందులేస్తుంది. వంద సీసీ బండిలో లేని మొరటుతనం లక్షలు పోసి కొన్న బండిలో ఎందుకుంది, ఇదేమైనా లోపమా అని అనుమానం. చాలాసార్లు లోపం కాదు. గేర్‌బాక్సు విషయంలో మోటారుసైకిలు, కారు ఒకచోట దారులు విడిపోయాయి. ఈ చప్పుడు బైకు పట్టిన దారిలో పుట్టింది.

మొదట్లో గేర్లే లేవు. 1894లో మ్యూనిక్‌లో అమ్మకానికి వచ్చిన హిల్డెబ్రాండ్ అండ్ వోల్ఫ్‌ముల్లర్ బండికి క్లచ్ కూడా లేదు. బండి ఆగితే ఇంజిన్ ఆగిపోవాల్సిందే, మళ్లీ తోసుకుంటూ పరుగెత్తాల్సిందే. రెండు, మూడు గేర్ల పెట్టెలు వచ్చాక ట్యాంకు పక్కన చేతి లివరు పెట్టారు. గేరు మార్చాలంటే హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీయాలి. హార్లీ డేవిడ్‌సన్ లాంటి అమెరికన్ బండ్లలో క్లచ్ కాలికి, గేరు చేతికి ఉండేవి. హార్లీలో కాలి గేరు 1952లో గానీ రాలేదు.

అసలు మలుపు 1928 ప్రాంతంలో వచ్చింది. బర్మింగ్‌హామ్‌లోని వెలోసెట్ కంపెనీలో హెరాల్డ్ విల్లిస్ అనే ఇంజినీరు ఉండేవాడు. ఆయన స్వయంగా రేసరు కూడా. ఆ ఏడాది జూనియర్ టీటీ రేసులో వెలోసెట్ మీద అలెక్ బెన్నెట్ మొదటి స్థానంలో, విల్లిస్ రెండో స్థానంలో వచ్చారు. అంతకుముందు కూడా కాలితో మార్చే లివర్లు కొన్ని ఉన్నాయి గానీ, ఒక్కో గేరుకు లివరు ఒక్కో చోట నిలబడేది. సరైన చోటు కాలు వెతుక్కోవాలి. వేగంలో అది జరిగే పని కాదు. విల్లిస్ తయారుచేసిన యంత్రాంగంలో ఒక్కసారి నొక్కితే ఒక్క గేరే మారుతుంది, లివరు తిరిగి తన మధ్యస్థానానికి వచ్చేస్తుంది. ఈ రోజు మన కాలి కింద ఉన్నది అదే.

ఇంచుమించు అదే సమయంలో అమెరికాలో కాడిలాక్ కార్లలోకి ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన సింక్రోమెష్ వచ్చింది. దాంతో కారు గేర్‌బాక్సులో, గేరు పడేముందు తిరిగే రెండు భాగాల వేగాలనూ కలిపే బాధ్యత చిన్న కంచు రింగులకు అప్పగించారు. బైకుల వాళ్లు ఆ దారిలోకి వెళ్లలేదు. సింక్రో రింగులకు చోటు కావాలి, బరువు పెరుగుతుంది, పైగా గేరు పడటానికి కొంత వ్యవధి పడుతుంది. రేసులో గెలవాలనుకునేవాడు ఆ వ్యవధి ఇవ్వడు. బైకు గేర్‌బాక్సులో గేరు చక్రాలు ఎప్పుడూ ఒకదానికొకటి పట్టుకునే తిరుగుతుంటాయి. గేరు మారేటప్పుడు పక్కకు జరిగేది ఒక చక్రం, దాని పక్కన ఉండే మందపాటి మొనలు. మెకానిక్కులు వాటిని డాగ్స్ అంటారు. ఆ మొనలు పక్క చక్రంలోని ఖాళీల్లో పడితే గేరు పడినట్టు. పరుగులో ఉండగానే అవి దూరాలి కాబట్టి ఖాళీలను మొనలకన్నా కాస్త వెడల్పుగా వదులుతారు. ఆ ఖాళీ దాటుకుని మొన వెళ్లి గోడకు కొట్టుకునే చప్పుడే మనకు వినిపించేది. వేగాలు కలిపే పని మాత్రం రైడరు చేతికీ కాలికీ మిగిలిపోయింది.

ఇంజిన్లు చిన్నవిగా ఉన్నంతకాలం ఇది పెద్ద ఇబ్బంది అనిపించలేదు. అయినా మన ఊళ్లలో పాత బుల్లెట్ నడిపినవాళ్లకు కథ తెలుసు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బండ్లకు గేరు కుడికాలి వైపు, ఫస్ట్ పైకి, మిగతావి కిందికి. న్యూట్రల్ దొరకడం అంత కష్టం కాబట్టే మడమతో తొక్కే న్యూట్రల్ ఫైండర్ వేరుగా పెట్టారు. మైసూరులో తయారైన జావా, యెజ్డీల్లో మరో తెలివి ఉంది. గేరు లివరు కదిపితే క్లచ్ కూడా దానంతటదే కొంత విడిపోయేది. క్లచ్ పట్టుకోకుండానే గేర్లు మారుస్తూ పోయేవాళ్లు చాలామంది ఉండేవారు. వేగాలు కలిపే పనిలో కొంత యంత్రమే తీసుకోవడం అప్పటికే మొదలైందన్నమాట.

ఇబ్బంది పెద్దదైంది 1969 తర్వాత. ఆ ఏడాది హోండా సీబీ750 వచ్చింది: 736 సీసీ, నాలుగు సిలిండర్లు, 67 హార్స్‌పవర్. మూడేళ్లకు కవాసాకీ జడ్1, 903 సీసీ. ఇంత బలాన్ని మోయాలంటే క్లచ్ ప్లేట్లు ఎక్కువ కావాలి, చక్రాలూ షాఫ్టులూ బరువెక్కాలి. బరువైన భాగాలు వేగం మార్చుకోవడానికి మొరాయిస్తాయి. పైగా ఈ బండ్లలో ఇంజిన్‌కూ క్లచ్‌కూ గేర్లకూ ఆయిల్ ఒక్కటే, ప్లేట్లు అందులోనే మునిగి తేలుతుంటాయి.

దీని ఫలితం చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు బాగా తెలుస్తుంది. ఇంజిన్ నిమిషానికి వెయ్యికి పైగా తిరుగుతూ ఉంటుంది. క్లచ్ పూర్తిగా నొక్కినా, చల్లటి చిక్కటి ఆయిల్ ప్లేట్లను అంటిపెట్టుకునే ఉంటుంది. దాంతో గేర్‌బాక్సు లోపలి షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. వెనక చక్రానికి కట్టిన రెండో షాఫ్టు మాత్రం కదలకుండా ఉంటుంది. తిరిగే మొన నిలిచి ఉన్న గోడకు తగులుతుంది, అదే ఆ ఖణేల్. పరిష్కారం సులువే. క్లచ్ నొక్కి పట్టి రెండు మూడు సెకన్లు ఆగి అప్పుడు ఫస్ట్ వేయాలి. రాత్రంతా నిలిపిన బండి అయితే ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, క్లచ్ నొక్కి ముందుకూ వెనక్కూ రెండుసార్లు తోస్తే ప్లేట్లు విడిపోతాయి. క్లచ్ కేబుల్ మరీ లూజుగా ఉంటే ఎంత ఆగినా లాభం లేదు, ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఆయిల్ సంగతి ఇంకా ముఖ్యం. కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు పెరిగాక, ఆ ఆయిల్ పోసిన బైకుల్లో క్లచ్ జారడం ఎక్కువైంది. అందుకే జపాన్‌లో 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటే తడి క్లచ్‌కు, అంటే ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కు, పనికొస్తుందని అర్థం. గేరు పళ్ల మధ్య నలిగి ఆయిల్ పలచబడుతుంది. నిన్నటిదాకా మెత్తగా పడిన గేర్లు ఇవాళ గరగరలాడుతుంటే, మెకానిక్ పెట్టె విప్పకముందే ఆయిల్ మార్చి చూడటం మంచిది. చైన్ మరీ లూజుగా ఉన్నా బిగుతుగా ఉన్నా గేరు తప్పే అనిపిస్తుంది.

బీఎండబ్ల్యూ పాత బాక్సర్ బండ్ల కథ వేరు. 1923 నాటి ఆర్32 నుంచి వాటి క్లచ్ కారు క్లచ్ లాంటిది, ఇంజిన్ వేగంతోనే తిరిగే ఒంటి పొడి ప్లేటు. గేర్‌బాక్సులోకి వెళ్లే వేగం అక్కడ తగ్గదు కాబట్టి ప్రతి గేరుకూ సర్దుకోవాల్సిన తేడా ఎక్కువ. ఆ బండ్ల మీద నిదానమే నియమం. 2013లో ఆర్1200జీఎస్‌తో ఆ బాక్సర్ బండ్లు కూడా తడి క్లచ్‌కు మారడం మొదలైంది.

అంతకు చాలాముందే అమెరికా చట్టం మరో గందరగోళం తెచ్చింది. 1974 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మే బండ్లకు గేరు ఎడమవైపే ఉండాలన్నారు. కుడివైపు గేర్‌బాక్సులు కట్టిన బ్రిటిష్ కంపెనీలు అడ్డంగా కడ్డీలు వేసి లివరును అవతలికి తీసుకెళ్లాయి. కీళ్లు పెరిగే కొద్దీ కాలికి తెలిసే స్పర్శ మసకబారింది. భద్రత కోసం చేసిన మంచి నియమమే అయినా, ఆ కొన్నేళ్ల బండ్లు గేరు విషయంలో నష్టపోయాయని నా అభిప్రాయం.

ఆ తర్వాతి చరిత్ర రైడరు చేస్తూ వచ్చిన పనిని యంత్రం కొంచెం కొంచెంగా తీసుకోవడమే. దిగేటప్పుడు వెనక చక్రం చిందులేయకుండా హోండా 1983 నాటి వీఎఫ్750ఎఫ్‌లోనే ఏర్పాటు చేసింది. చక్రం తిరిగి ఇంజిన్‌ను తోసినప్పుడు క్లచ్ కొంత జారిపోయేది. స్లిప్పర్ క్లచ్ అని మనం ఇప్పుడు పిలిచేది ఆ వంశమే. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్లకూ అది ఉంది. పైకి మార్చేటప్పుడు సెకనులో కొన్ని వందో వంతుల పాటు ఇంజిన్ బలాన్ని కోసేసే క్విక్‌షిఫ్టర్ రేసుల్లోంచి వచ్చి, 2008లో బీఎండబ్ల్యూ హెచ్‌పీ2 స్పోర్ట్‌కు కంపెనీ నుంచే అమరింది. 2010లో హోండా వీఎఫ్ఆర్1200ఎఫ్‌కు రెండు క్లచ్‌ల డీసీటీ వచ్చింది. ఒక గేరు నడుస్తుండగానే తర్వాతిది సిద్ధంగా ఉంటుంది. ఆ బండిలోనూ న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు బటన్ నొక్కితే ఆ పాత చప్పుడు వినిపిస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నవి ఆ డాగ్సే.

క్విక్‌షిఫ్టర్ చేసే పనిని అంతకుముందు మంచి రైడర్లు చేతితో, కాలితో చేసేవారు, ఇప్పటికీ చేయవచ్చు. గేరు మార్చబోయే ముందు బొటనవేలితో లివరును కొంచెం ఒత్తి ఉంచి, యాక్సిలరేటర్ ఒక్క రవ్వ తగ్గించాలి. మొనల మీద ఒత్తిడి సడలిన ఆ క్షణంలో గేరు తనే జారి పడుతుంది. నెమ్మదిగా, భయంగా తోస్తేనే మొనల అంచులు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అరిగి గుండ్రబడ్డ అంచుల వల్లే తర్వాత గేరు జారిపోతుంది. దిగేటప్పుడు క్లచ్ నొక్కి ఉండగానే ఒక్కసారి రేజ్ ఇచ్చి వదలాలి. కొత్త బండ్లలో ఆ రేజ్ కూడా కంప్యూటరే ఇస్తోంది.

అయితే క్విక్‌షిఫ్టర్ పుట్టింది యాక్సిలరేటర్ బాగా తిప్పి పరుగెత్తే చోటు కోసం. హైదరాబాదు ట్రాఫిక్‌లో తక్కువ వేగంలో, యాక్సిలరేటర్ దాదాపు మూసి ఉండగా ఫస్ట్ నుంచి సెకండ్‌కి దాంతో మారిస్తే కుదుపు తగ్గదు, పెరుగుతుంది కూడా. అక్కడ క్లచ్ పట్టుకుని మార్చడమే గేర్‌బాక్సుకు మంచిది.