గాలి తగిలింది

వంకాయలు తరిగితే ముక్కలు నీళ్ళలో వెయ్యాల్సిందే. లేకపోతే నల్లబడతాయి. తరిగిన కత్తిపీట తుడవకుండా వదిలేస్తే మర్నాటికి తుప్పు. రెండింటికీ మా అమ్మ ఒకటే మాట అనేది: "గాలి తగిలింది." ఆ గాలి మన ఒంట్లోనూ తగులుతుందని తెలియడానికి శాస్త్రజ్ఞులకు రెండు వందల ఏళ్ళు పట్టింది.

1774లో ప్రీస్ట్లీ ప్రాణవాయువును వేరుచేశాడు. అందులో కొవ్వొత్తి త్వరగా కాలిపోవడం చూసి, మనిషి కూడా ఆ వాయువునే పీలిస్తే ఆయుష్షు త్వరగా కరిగిపోతుందేమోనని అనుమానపడ్డాడు. 1894లో ఫెంటన్ అనే ఆంగ్లేయుడు ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే ఆక్సీకరణం తీవ్రంగా సాగుతుందని చూపాడు. ఇది గాజు పాత్రలో జరిగే సంగతే అనుకున్నారు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఎ.టి.పి.ని వేరుచేశాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనిపెట్టాడు. జీవకణం ఖర్చుపెట్టే శక్తికి అదే నాణెం. మన కణాల్లోని మైటోకాండ్రియా ప్రాణవాయువుతో ఆహారాన్ని మండించి ఈ నాణేన్ని తయారుచేస్తాయి. పొయ్యి అన్నాక నిప్పురవ్వలు ఎగరక మానవు. దారి తప్పిన ఎలక్ట్రాన్ ప్రాణవాయువుకు అంటుకుంటే సూపరాక్సైడ్; దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్; దానికి కణంలోని ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్. ఇది పక్కన ఏది దొరికితే దాన్నే కాలుస్తుంది. పక్కన డి.ఎన్.ఎ. ఉంటే పోగు తెగవచ్చు, అక్షరమూ చెడవచ్చు.

డి.ఎన్.ఎ.లోని నాలుగక్షరాల్లో గ్వానిన్ తేలికగా దెబ్బతింటుంది. సైటోసిన్‌తో జత కట్టవలసింది, చెడ్డాక ఎడినిన్‌తోనూ కడుతుంది. ప్రూఫు దిద్దకుండా అచ్చుకు పంపినట్టు, కణం రెండుగా చీలేటప్పుడు ఆ తప్పే శాశ్వతమవుతుంది. అలాంటి తప్పులు కొన్ని కేన్సరుకు దారితీస్తాయి.

1954లో రెబెకా గెర్ష్‌మన్, ప్రాణవాయువు ఎక్కువైతే జరిగే హానీ, ఎక్స్‌రే చేసే హానీ ఒకే దారిన జరుగుతాయని చెప్పింది. 1956లో హార్మన్ ముసలితనానికీ ఇదే కారణమన్నాడు. 1969లో మెకార్డ్, ఫ్రిడొవిచ్ సూపరాక్సైడ్‌ను అణిచే ఎంజైమును ఆవు రక్తంలో కనిపెట్టారు. విరుగుడు ఒంట్లోనే ఉందంటే విషమూ ఉన్నట్టే కదా! 1982లో మన బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో టి. రామశర్మ, జీవకణాల పొరల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎలా పుడుతుందో సమీక్షించారు. 1984లో జపానులో కసాయి, నిషిమురా చెడిన గ్వానిన్‌ను గుర్తుపట్టారు. చెడిన అక్షరాన్ని కత్తిరించి కొత్తది పెట్టే మరమ్మతు కణంలోనే ఉందని చూపినందుకు లిండాల్‌కు 2015లో నోబెల్ వచ్చింది.

చిన్నాన్న గుర్తొచ్చేది ఇక్కడే. ఆయన బీడీ మానలేదు. ఎవరో చెప్పారని బీటా కెరోటిన్ మాత్రలు మొదలుపెట్టాడు. "పొగ చేసే చెడుపు మాత్ర సరిచేస్తుందిరా" అనేవాడు. సిద్ధాంతం ప్రకారం ఆ మాట నిజమే అనిపించేది. కాని 1994లో ఫిన్లండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళపై జరిగిన పరీక్ష ఫలితం వెలువడింది: మాత్ర వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సరు 18 శాతం ఎక్కువ. 1996లో అమెరికాలో అలాంటి పరీక్షనే మధ్యలో ఆపేశారు. చిన్నాన్న ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయాడు. మాత్ర వల్ల పోయాడని నేననను. మాత్ర ఇచ్చిన ధైర్యంతో బీడీ మానలేదన్నది మాత్రం కళ్ళారా చూశాను.

రవ్వలన్నీ శత్రువులనుకోవడమే ఆ పొరపాటుకు మూలం. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపేది ఆ సూపరాక్సైడ్‌తోనే. పొయ్యి ఆర్పితే వంట ఉండదు. దాని మీద మనం అదనంగా పొగ పోయకుండా ఉండడమే మన వంతు.

మా దేవనహళ్ళి చకోతాకు పేరున్న ఊరు. ఇంట్లో మాకది పంపరపనస. దాన్ని ఒలుస్తుంటే ఎవరో ఒకరు "దీంట్లో విటమిన్ సి ఉంది, కేన్సరు రాదు" అంటారు. సి విటమిన్ ఉన్నమాట నిజమే. నేను మాత్రం ఉప్పూ కారం అద్దుకుని, రుచి కోసం తింటాను.