పోటు గీతకు అవతల: కిల్‌బాహా చిన్న ఓడ

ఐర్లండ్ పడమటి తీరంలో, క్లేర్ కౌంటీ నైరుతి కొన సన్నగా సాగి సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. ఒకవైపు షానన్ నదీ ముఖద్వారం, మరోవైపు అట్లాంటిక్. లూప్ హెడ్ దీపస్తంభానికి కాస్త ఇవతల ఉన్న చిన్న ఊరు కిల్‌బాహా. 1852 నుంచి సుమారు అయిదేళ్లపాటు ఈ ఊరి క్యాథలిక్కులు సముద్రపు ఒడ్డునే పూజ చేసుకున్నారు. నిజానికి క్యాథలిక్ ఆరాధనకు చట్టం అప్పటికే అడ్డు తొలగించింది. 1829లో పార్లమెంటు ప్రవేశం కూడా దక్కింది. అయితే గుడి కట్టాలంటే నేల కావాలి. నేల భూస్వామిది.

1845లో మొదలైన బంగాళాదుంప తెగులు ఈ ప్రాంతాన్ని ఘోరమైన కరవులోకి నెట్టింది. కౌలుదారుల్లో చాలామందికి భూమిపై నిలకడైన హక్కు లేదు. పైగా ఏటా 4 పౌండ్లు, అంతకు తక్కువ విలువ కట్టిన కమతాల మీద పేదల పోషణ పన్ను భూస్వామే చెల్లించాలి. అంటే పేద కౌలుదారు ఉన్నకొద్దీ భారమే. ఇళ్లు కూల్చి మనుషులను వెళ్లగొట్టడానికి ఇది బలమైన కారణమైంది. కిల్‌రష్ యూనియన్ అనే పేదల పోషణ విభాగంలో జరిగిన ఈ కూల్చివేతలను పేదల చట్టం ఇన్‌స్పెక్టర్ కెప్టెన్ ఆర్థర్ కెన్నెడీ నివేదికల్లో నమోదు చేశాడు. అవి పార్లమెంటు దాకా వెళ్లాయి. పలు ఎస్టేట్లకు ఏజెంటైన మార్కస్ కీన్ పేరు ఈ ఖాళీ చేయింపులతో విడదీయరానిదైంది.

1849లో విచారణ గురువుగా వచ్చిన ఫాదర్ మైకేల్ మీహన్ ఎదుర్కొన్నది ఈ వ్యవస్థనే. ప్రొటెస్టెంటు మిషన్ల బడులు పేదలను తమవైపు తిప్పుకుంటున్న కాలమది. కిల్‌బాహాలో గుడికి ఆయన స్థలం అడిగితే దొరకలేదు. కొన్నాళ్లు బండ్ల మధ్య గుడ్డ కట్టి, దాని నీడన దివ్యబలి పూజ జరిపాడు. చివరకు 1852లో చక్రాలమీద నడిచే చెక్క గది చేయించాడు. జనం దాన్ని చిన్న ఓడ అన్నారు.

ఆటుపోట్ల మధ్య నేల సాధారణంగా భూస్వామి ఆస్తిపత్రంలోకి రాదు. పోటు గీత దగ్గరే అతని హక్కు ఆగిపోతుంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు ఓడను ఆ నేల మీదికి లాగేవారు. లోపల బలిపీఠం, గురువు; బయట తడి ఇసుకలో మోకరిల్లిన విశ్వాసులు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు కూడా అక్కడే జరిగాయి.

1857లో స్థలం దొరికింది. దగ్గరలోని మొనీన్‌లో గుడి లేచింది. ఓడ నేటికీ ఆ గుడిలోనే భద్రంగా ఉంది. 1878లో కన్నుమూసిన మీహన్ సమాధీ అక్కడే.

ఈ ఉదంతాన్ని మతపోరాటంగా చెప్పుకోవడం పరిపాటి. అందులో నిజం లేకపోలేదు. కానీ కూలిన ఇళ్లకూ, దొరకని గుడి స్థలానికీ మూలం ఒక్కటే: నేలపై ఒక్కరికే ఉన్న అదుపులేని అధికారం. ప్రభుత్వ రుణంతో కౌలుదారులు తమ కమతాలను కొనుక్కునేలా 1903లో విండమ్ చట్టం వచ్చాకే ఆ అధికారం పెద్దయెత్తున కరగసాగింది. నేలపై నిలకడైన హక్కు కోసం ఐరిష్ పల్లెలు అంతకాలం ఆగాయి.